లెక్చరా, రోల్ ప్లేనా: మెడికల్ పిల్లలకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఎట్ల నేర్పాలె

వరంగల్ల మెడికల్, నర్సింగ్ పిల్లలకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే తన మనసుల, ఎదుటోళ్ల మనసుల ఏమున్నదో అర్థం చేసుకునే తెలివి, నేర్పాలంటే రెండు దారులున్నయ్, ఒకటి స్లైడ్లు పెట్టి లెక్చర్ చెప్పుడు, ఇంకోటి రోల్ ప్లే చేయించి తర్వాత కూసొని మాట్లాడుడు.

లెక్చర్ అయితే బ్యాచ్ మొత్తానికి ఒక్క గంటల అయిపోతది. సాలొవే, మేయర్ అనే సైకాలజిస్టులు 1990 సంవత్సరంల దీని గురించి ఏం చెప్పిన్రు, తన ఎమోషన్ గుర్తుపట్టుడు, ఎదుటోళ్లది అర్థం చేసుకునుడు, అన్నీ పరీక్షల మంచిగనే రాస్తరు. వార్డుల ఏం చేస్తరో మాత్రం దాంట్ల తెల్వదు.

రోల్ ప్లేల ఒకరు ములుగు నుంచి వచ్చిన పేషెంట్ కొడుకు లెక్క కూసుంటరు, ఇంకొకరు క్యాన్సర్ అని చెప్పాలె. ఇట్లాంటి చెడ్డ వార్త చెప్పేటందుకు 2000 సంవత్సరంల వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉన్నది, ముందు వాళ్లకు ఏం తెలుసో అడగాలె, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నరో అడగాలె, ఆ తర్వాతనే విషయం చెప్పాలె, చెప్పినంక వాళ్ల బాధకు టైం ఇయ్యాలె. "మా నాయినకు ఏమైంది సారూ" అని ఆ కొడుకు గొంతు పెంచంగనే మనోళ్లు ఠక్కున మెటాస్టాసిస్ (క్యాన్సర్ వేరే చోట్లకు పాకుడు) అని ఇంగ్లీష్‌లకు పోతరు, అక్కడ ఆపి, నీకు ఆ టైంల ఏమనిపించింది అని అడిగి, మళ్లీ చేయించుడే అసలు పాఠం.

చిన్న గ్రూపులు కావాలె, టైం తింటది, కరెక్టే. కానీ ఎంబీబీఎస్‌ల 2019 బ్యాచ్ నుంచి ఏట్‌కామ్ అని, డాక్టర్ల నడవడిక, నీతి, మాట తీరు నేర్పే పాఠం, ఉండనే ఉంది గదా, ఆ గంటలు లెక్చర్‌కు పోనియ్యొద్దు. నా ఓటు రోల్ ప్లేకే, అదిగూడ నర్సింగ్ పిల్లల్ని పక్కన కూసోవెట్టి చేయించాలె.