క్రిస్మస్ పాకలో బొమ్మలు: పీవోపీనా, చెక్కా, మట్టా? ఏది మేలు?

మా బీరువా మీద ఒక జోజప్ప (మరియమ్మ భర్త యోసేపు) ఉన్నాడు. తల లేదు. పన్నెండేళ్ల కిందట, కాపురం పెట్టిన కొత్తలో కొన్న పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సెట్టులోని బొమ్మ అది. మూడో క్రిస్మస్‌కి గుడ్డ విప్పుతుంటే మెడ దగ్గర విరిగి చేతిలోకి వచ్చింది. గమ్ము పెట్టి అతికిస్తే ఆ ఏడాదికి నిలబడింది. మరుసటి ఏడు తల కనిపించనే లేదు. ఫాదర్ గారు దీవించిన బొమ్మ కాబట్టి పారేయలేం, తల లేకుండా పాకలో, అంటే యేసు పుట్టిన పశువుల పాకలా క్రిస్మస్‌కి ఇంట్లో కట్టే దానిలో, పెట్టలేం. అందుకే అప్పటి నుంచి ఆయన అక్కడే ఉన్నాడు.

ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు) దగ్గరపడిందంటే మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఆడవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అక్కా, క్రిబ్ సెట్టు (పాకలో పెట్టే బొమ్మలు) ఏది కొనమంటావు?" రేటెంత, సైజెంత, ఏ షాపులో బాగుంటాయి అని మొదలుపెడతారు. నేను మాత్రం తిరిగి ఒక్కటే అడుగుతాను: "విరిగితే ఏం చేస్తావు?" పండగ పూట ఇదేం అపశకునం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కానీ ఏ సెట్టు కొనాలో తేల్చేది ఈ ప్రశ్నేనని నాకు గట్టి నమ్మకం.

దీవించిన వస్తువు పాడైతే మనం చెత్తబుట్టలో వెయ్యం. కాలే వస్తువైతే కాల్చి బూడిదని మట్టిలో కలుపుతాం. కాలనిదైతే ఎవరూ తొక్కని చోట పాతిపెడతాం. కిందటేడు మట్టల ఆదివారం తెచ్చుకున్న కొమ్మలే కదా, విభూది బుధవారం నాడు బూడిదై మన నొసటికి వచ్చేది. పల్లెలో పెరడు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటూ జోజప్పని ఎక్కడ పాతాలి? కరివేపాకు కుండీలోనా?

ఇక పీవోపీ సంగతి. దాని మంచి దానికి ఉంది, కాదనను. అచ్చులో పోసిన బొమ్మ కాబట్టి ముఖం తీరుగా వస్తుంది. మరియమ్మ కళ్లు కిందికి వాలి, బాలయేసు చేతులు చాచి, చూడగానే పాక నిండుగా ఉంటుంది. బాలయేసు, మరియమ్మ, జోజప్ప, ముగ్గురు జ్ఞానులు, ఇద్దరు గొల్లలు, దూత, ఆవు, గాడిద: పదకొండు బొమ్మలూ ఒకే పెట్టెలో వచ్చేస్తాయి. తీరిక లేని ఇంట్లో అది చిన్న సాయం కాదు.

కానీ పీవోపీ అంటే జిప్సం రాయిని దాదాపు 150 డిగ్రీల వేడిలో కాల్చి దంచిన పొడి. నీళ్లు కలిపితే గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ మెత్తబడి మట్టిలో కలిసిపోదు. కాలదు కూడా. పైగా గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన కోస్తా వానాకాలంలో అటక మీద నాలుగు నెలలు ఉందంటే రంగు పొక్కులు లేస్తుంది, అంచులు పొడిపొడిగా రాలతాయి. సన్నగా ఉండే మెడ, వేళ్లు, దూత రెక్కలు ముందు పోతాయి. వినాయక చవితి వచ్చిందంటే ఈ పీవోపీ గొడవ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పీవోపీ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. ఖైరతాబాద్ వినాయకుణ్ణి కూడా 2022లో మట్టితో చేశారు. మన బొమ్మల్ని చెరువులో కలపం కాబట్టి మనకా బాధ లేదనుకుంటాం. మన బాధ బీరువా మీద ఉంటుంది, అంతే తేడా.

చెక్క బొమ్మలంటే నాకు ఇష్టమే. మాకు కొండపల్లి దగ్గరే. అక్కడ తెల్లపొణికి కర్రతో చేస్తారు, చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆరాక నున్నగా చేసి రంగులు వేస్తారు. అంటే చెయ్యి ఊడినా అదే ముద్ద ఇంట్లో కలిపి అతికించుకోవచ్చు. మరీ పనికిరాకపోతే కాల్చొచ్చు. నా ప్రశ్నకి రెండు జవాబులూ ఉన్న బొమ్మ అది.

ఇంకో సుఖం కూడా ఉంది. కొండపల్లి పల్లె సెట్టులో ఆవు, దూడ, ఎడ్లబండి, నెత్తిన మోపు మోసే మనిషి ఎలాగూ ఉంటారు. మా షోకేసులో పదకొండు నెలలు ఊరికే కూర్చునే ఆ ఆవు డిసెంబరులో దిగొచ్చి బాలయేసు పక్కన నిలబడుతుంది. తలపాగా మనిషి గొల్లవాడైపోతాడు. బెత్లెహేము గొల్లలకి ఆ తలపాగా ఏమిటని మా ఆయన మొదటి ఏడు నవ్వాడు. పీవోపీ జ్ఞానులు మాత్రం ఏ ఊరివాళ్లో ఎవరికి తెలుసు? ఏటికొప్పాక లక్క బొమ్మల్లో కూడా గుండ్రటి మనుషులు దొరుకుతారు. అంకుడు కర్రని లేతుమీద తిప్పి, లక్క రంగు పట్టిస్తారు. చిన్నపిల్లలున్న ఇంటికి అవి బాగుంటాయి, విరగడానికి వాటికి మెడే ఉండదు.

చెక్కతో ఇబ్బంది ఖరీదు. పదకొండు బొమ్మలూ కొలత చెప్పి చేయించుకోవాలంటే మధ్యతరగతి జేబు ఆలోచిస్తుంది. ఏడాదికి రెండు చొప్పున కొనుక్కుంటూ పోవచ్చు. మా స్నేహితురాలు అలాగే చేస్తోంది. ఆమె పాకలో ఇప్పటికి ఇద్దరే జ్ఞానులు. మూడోవాడు దారిలో ఉన్నాడట.

మట్టి దగ్గరికి వచ్చేసరికి నేను తటస్థంగా ఉండలేను, ముందే చెప్పేస్తున్నా. ఐదేళ్లుగా మా ఇంట్లో దాదాపు అన్నీ మట్టి బొమ్మలే. కొన్నవి కావు, మేం చేసినవి.

ఆగమన కాలం మొదటి ఆదివారం పూజ నుంచి వచ్చాక మొదలుపెడతాం. ఒండ్రు మట్టి కావాలి. కుమ్మరి వీధిలో అడిగితే ఇస్తారు. రాళ్లు, వేళ్లు ఏరి, ఎండబెట్టి, పొడి చేసి జల్లెడ పట్టి, ఒక రాత్రి నానబెట్టాలి. పొద్దున పైన తేరిన నీళ్లు వంచేసి, చపాతీ పిండి పిసికినట్టు బాగా పిసకాలి. గుప్పెడు వరి ఊకో, చింపి నానబెట్టిన పేపరు గుజ్జో కలిపితే పగుళ్లు తగ్గుతాయి. ఇది మొదటి ఏడు నాకు తెలియలేదు. మా మరియమ్మ ఎండేసరికి ఎండాకాలం చెరువులా నెర్రెలిచ్చింది.

జానెడు కంటే ఎత్తు చెయ్యొద్దు. మెడలో చీపురుపుల్ల ముక్క గుచ్చి దాని మీద తల పెట్టాలి. జోజప్పతో నేర్చుకున్న పాఠం అది. చేతులు విడిగా చాచకుండా ఒంటికి ఆనించి చేస్తే విరగవు. మరియమ్మ చేతులు జోడించుకుని, జోజప్ప కర్ర పట్టుకుని, జ్ఞానులు కానుకల్ని గుండెకి హత్తుకుని ఉంటే సరిపోతుంది. రెండు ముక్కలు అతికేచోట పుల్లతో గీతలు గీసి, పల్చటి బురద రాసి నొక్కాలి. తర్వాత నీడలో ఆరనివ్వాలి, కనీసం ఐదు రోజులు. తొందరపడి ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. రంగు ఇష్టముంటే వెయ్యొచ్చు. మేం సున్నం, జాజు, కాస్త పసుపు, బొగ్గుపొడి, వీటితోనే సరిపెడతాం. రెండో ఏడు మా పెద్దది మరియమ్మ కొంగుకి నీలం కావాలని పట్టుబట్టింది. బట్టల నీలిమందు వేశాం. అప్పటి నుంచి అదే ఖాయం.

తీరుగా వస్తాయా అంటే రావు. మా చిన్నోడు చేసిన గొర్రె బంగాళదుంపలా ఉంటుంది. అయినా పునీత ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో మొదటి పాక కట్టినప్పుడు అక్కడ బొమ్మలే లేవు. గడ్డి వేసిన తొట్టి, ఎద్దు, గాడిద, అంతే. ఆ తొట్టి మీదే పూజ జరిగింది. ఆ ఎద్దూ గాడిదా కూడా సువార్తలో లేవు. లూకా రాసింది తొట్టి ఒక్కటే. కాబట్టి మా బంగాళదుంప గొర్రె గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పను.

మట్టి బొమ్మ విరిగితే? బకెట్‌లో నీళ్లు పోసి నానబెడతాం. ఒక పూటకి ముద్దవుతుంది. కాల్చని మట్టికి ఉన్న గొప్ప గుణం అదే. ఆ ముద్దని తులసి కుండీలోనో, రాధామనోహరం మొదట్లోనో వేస్తాం. దీవించిన బొమ్మ మట్టిని మళ్లీ బొమ్మకి వాడొచ్చా అని ఫాదర్ గారిని అడిగితే ఆయన నవ్వి, "నువ్వు మట్టివి, మట్టిలో కలుస్తావు అని విభూది రోజు మీకు చెప్పేది నేనే కదమ్మా" అన్నారు. అది అవుననో కాదనో నాకిప్పటికీ తెలియదు. మేం మాత్రం మొక్కకే వేస్తాం.

లోపం కూడా చెప్పాలి. వాన. మూడేళ్ల కిందట అటక మీద స్లాబు కారి, డబ్బా మూత సరిగ్గా లేక, ముగ్గురు జ్ఞానులూ ఒక్క ముద్దైపోయారు. ఇప్పుడు బియ్యం పోసుకునే గట్టి స్టీలు డబ్బాలో పాత నూలు చీర ముక్కలు చుట్టి పెడుతున్నా. కుమ్మరి ఆములో కాల్పించుకుంటే నీటి భయం ఉండదని అత్తయ్య అంటుంది. నిజమే, కానీ కాలిన మట్టి మళ్లీ కరగదు, పెంకు అవుతుంది. పెంకుని పాతిపెట్టాలి. మళ్లీ ఆ కరివేపాకు కుండీ దగ్గరికే వస్తాం.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఫైబరు, రెజిన్ బొమ్మలు గుళ్లకి మంచివి. ఏళ్లు ఉంటాయి, ఖరీదు ఎక్కువ. ఇంటికి ఎందుకో నాకు తెలియదు. ప్లాస్టిక్ సెట్టు విరగదు, వెలిసిపోతుంది. ఉప్పు పిండి బొమ్మలని ఈమధ్య పిల్లలకి స్కూళ్లలో చేయిస్తున్నారు. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, ముప్పావు గ్లాసు నీళ్లు. ఒక సాయంత్రం పనికి సరదాగానే ఉంటుంది. మన ఉక్కకి ఉప్పు చెమ్మగిల్లి రెండో నెలకే మెత్తబడతాయి, బొద్దింకలకి పండగ. ఆ మైదాతో గులాబీ పువ్వులు వండుకోవడం నయం.

పాక విషయం అసలు అడగక్కర్లేదు, వరిగడ్డే. థర్మాకోల్ వద్దు. గడ్డిలో ఎలకలు చేరతాయంటారు. దాచుకుంటే చేరతాయి. మేం దాచుకోం. ముగ్గురు జ్ఞానుల పండుగ అయ్యాక బొమ్మలు డబ్బాలోకి, గడ్డి మా వీధి భోగి మంటకి. పక్కింటి పిల్లలు వచ్చి పట్టుకెళ్తారు. పాక చుట్టూ పచ్చిక కోసం డిసెంబరు 15 ప్రాంతంలో మూకుళ్లలో రాగులు చల్లితే పండగ వేళకి వేలెడు లేస్తాయి. మెంతులు ఇంకా తొందరగా వస్తాయి, తర్వాత పప్పులోకి పనికొస్తాయి కూడా.

ఒక్క మాట ఒప్పుకోవాలి. బాలయేసుని మాత్రం మేం మట్టితో చెయ్యలేదు. చేశాం గానీ, ఆ ముఖం నాకు కుదరలేదు. పాత పీవోపీ సెట్టులోని బాలయేసు చెక్కుచెదరకుండా ఉన్నాడు, అరచేతిలో పట్టేంత. క్రిస్మస్ రాత్రి పూజ నుంచి వచ్చాక చిన్నోడు ఆయన్నే తెచ్చి తొట్టిలో పడుకోబెడతాడు. అదెప్పుడో విరుగుతుంది. అప్పుడు చూద్దాం.

జోజప్ప సంగతి ఈసారి తేలేలా ఉంది. నవంబరు 2న సమాధుల పండుగకి ఊరెళ్తాం కదా, అప్పుడు తీసుకెళ్లి మామయ్యగారి సమాధి పక్కన పాతిపెడదాం అంటోంది అత్తయ్య. జోజప్పలాగే మామయ్యగారూ వడ్రంగి పని చేసేవారు. "ఇద్దరికీ కాలక్షేపం అవుతుందిలే" అంది. బస్సులో నా ఒళ్లో పెట్టుకుని వెళ్లాలి. తువ్వాలు చుట్టాలా, డబ్బాలో పెట్టాలా అన్నదే ఇప్పుడు మా ఇంట్లో చర్చ.