16 లీటర్ల చార్జింగ్ పంపు: మోటారుకు మంచి మార్కులు, పట్టీలకు కావు

వరంగల్, నర్సంపేట, పరకాల, జమ్మికుంట, ఏ ఊరి పురుగు మందుల దుకాణం చూసినా ముందు వరుసలో ఉండేది ఒకే రకం పంపు, వీపున వేసుకుని పంటకు మందు కొట్టేది. 16 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, అడుగున 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ, చిన్న డయాఫ్రమ్ మోటారు. పక్కన చేతి పిడి కూడా ఉంటే ‘టూ ఇన్ వన్’ అంటారు. పైన స్టిక్కరు మారుతుంది, లోపలి సామాను చాలావరకు అదే. అందుకే ఇక్కడ కంపెనీ పేర్లు లేవు, ఈ రకం మొత్తం మీద మా అంచనా ఇది: మందు కొట్టే పని బాగా చేస్తుంది, దాన్ని మోసే మనిషి గురించి మాత్రం తయారుచేసినవాళ్లు తగినంత ఆలోచించలేదు.

చేతి పంపుతో పోలిస్తే లాభం పెద్దదే. రోజంతా పిడి ఆడించే బాధ లేదు, భుజం కీలు మిగులుతుంది. ప్రెషర్ ఒకేలా ఉండడంతో తుంపర కూడా ఒకేలా పడుతుంది. ట్రిగ్గర్ వదిలేస్తే ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేస్తుంది. కొత్త బ్యాటరీతో ఎకరం హాయిగా అయిపోతుంది, రెండో ఎకరం కూడా లాగుతుంది.

ఇక బరువు. ఖాళీ పంపు 5 నుంచి 6 కిలోలు, అందులో లెడ్ బ్యాటరీ ఒక్కటే రెండు కిలోల పైమాట. నిండా నీళ్లు పోస్తే మొత్తం 22 కిలోలకు చేరుతుంది. పత్తి సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, ఎకరంలో ప్రతి సాలూ తిరిగేసరికి నడక నాలుగున్నర కిలోమీటర్లు. అదీ వానాకాలంలో, కాలికి ముద్దలు ముద్దలుగా పట్టే నల్లరేగడిలో. ఎకరానికి పది ట్యాంకులు కొడితే పది సార్లు దించాలి, నింపాలి, ఎత్తాలి. నడుం పట్టేది నడుస్తున్నప్పటికంటే ఆ ఎత్తేటప్పుడే ఎక్కువ.

ఇంత బరువుకు కంపెనీ ఇచ్చేది రెండు సన్నని నైలాన్ పట్టీలు. నడుము బెల్టు చాలా మోడళ్లలో ఉండదు. అది లేకపోతే భారమంతా భుజాల మీదే ఉంటుంది, ఉంటే మంచి భాగం తుంటి ఎముకల మీదికి దిగుతుంది. ఛాతీ దగ్గర అడ్డ క్లిప్పు కూడా లేకపోవడంతో పట్టీలు జారుతుంటాయి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని మందు కొట్టే ఆడవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. పట్టీని చివరిదాకా బిగించినా చిన్న ఒళ్లు ఉన్నవాళ్లకు పంపు పిరుదుల మీదికి జారుతుంది, అడుగు వేసినప్పుడల్లా తగులుతుంది. పట్టీ లోపల స్పాంజి మెత్తగా ఉంటుంది కానీ మందు నీళ్లు పీల్చుకుంటుంది. పీల్చుకున్న మందు మధ్యాహ్నం దాకా భుజం చర్మానికి ఆనుకునే ఉంటుంది. బయట మెరిసే రంగు కంటే ఈ స్పాంజి మీద పెట్టాల్సిన శ్రద్ధ ఎక్కువ.

ట్యాంకు ఆకారం కూడా చూడాలి. వీపు నుంచి బయటికి పొడుచుకొచ్చిన లావు ట్యాంకు మనిషిని వెనక్కి లాగుతుంది, దాన్ని సర్దుకోవడానికి నడుం ముందుకు వంచి నడవాల్సి వస్తుంది. వీపుకు అంటుకుని, పలచగా, పొడవుగా ఉన్నదే మేలు. వెనకభాగం లోపలికి వంపు తిరిగి ఉందా లేదా చేత్తో తడిమి చూడండి.

స్విచ్ ఎక్కడ పెట్టారో చూస్తే ఇంకా కోపం వస్తుంది. చాలా పంపుల్లో అది ట్యాంకు అడుగున, పంపు వేసుకున్న మనిషికి అందనిచోట ఉంటుంది. స్పీడు తిప్పే నాబ్ కూడా అక్కడే. కలుపు మందుకు ప్రెషర్ తగ్గించాలంటే పంపు దించాలి, లేదా పక్కవాళ్లను పిలవాలి. ఎవరూ తగ్గించరు. ప్రెషర్ ఎక్కువై తుంపర సన్నబడి గాలికి పక్క చేనులోకి పోతుంది. చార్జింగ్ పిన్ను రంధ్రానికి రబ్బరు మూత లేని పంపును అసలు కొనకండి, తడి చేరి తుప్పు పడుతుంది.

నీళ్లు పోసేవాళ్లు కూడా ఈ పంపు వాడేవాళ్లే. మన దగ్గర బిందెలతో నీళ్లు తెచ్చి పోసేది ఎక్కువగా ఆడవాళ్లు. మూతిలో జల్లెడ లోతు తక్కువైతే పోసిన నీళ్లు ఎగిరి మొహం మీద పడతాయి, అప్పటికే లోపల మందు ఉంటే అది కూడా. జల్లెడ కనీసం అరచేయి లోతు ఉండాలి. ముందు సగం నీళ్లు, తర్వాత వేరే డబ్బాలో కలిపిన మందు, ఆపైన మిగతా నీళ్లు. నింపేటప్పుడే పంపును గట్టు మీదో డ్రమ్ము మీదో నడుం ఎత్తులో పెడితే, వీపు ఆనించి పట్టీలు వేసుకుని అలాగే లేవచ్చు.

బరువు ఆగనివాళ్లు 12 లీటర్లే పోసుకోవడం మంచి పద్ధతి, నాలుగు కిలోలు తగ్గుతాయి. కానీ ‘ట్యాంకుకు ఒక మూత మందు’ అనే లెక్క అప్పుడు పనికిరాదు. లీటరుకు 2 మిల్లీలీటర్ల మందైతే 16 లీటర్లకు 32, 12 లీటర్లకు 24. కొలత గ్లాసు మీద గీతలు స్పష్టంగా ఉండాలి.

కారడం ఈ పంపులకు పెద్ద జబ్బు. మూత లోపలి రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోకపోయినా, మూత మీది గాలి రంధ్రం దగ్గరి చిన్న వాల్వు పాడైనా, వంగినప్పుడు మందు మెడ మీదికి వస్తుంది. ట్రిగ్గర్ దగ్గర ఓ-రింగ్, అంటే గుండ్రని రబ్బరు చుట్టు, అరిగితే చేతికి కారుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2017లో ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పంట మనిషి ఎత్తుకు పెరగడం, ఒంటికి రక్షణ లేకపోవడం కారణాల్లో ముఖ్యమైనవి. మన పత్తి కూడా ఛాతీ దాటితే తుంపర మొహం ఎత్తులోనే ఉంటుంది. అందుకే పంపుతో ఇచ్చే పొట్టి గొట్టం చాలదు, పొడవు పెంచుకునే గొట్టం కొనుక్కోవాలి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందులు అన్నిటికంటే విషం, పసుపు దాని తర్వాతది.

పంపులో జల్లెడలు ఒకటి కాదు: మూతిలో, ట్యాంకు అడుగున, ట్రిగ్గర్ పిడిలో, గొట్టం చివర తుంపర చిమ్మే నాజిల్‌లో. పొడి మందులు, వేపనూనె వాడితే ముందు మూసుకుపోయేది నాజిలే. నోటితో ఊదకండి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పురుగు మందుకు గుండ్రంగా చిమ్మే బోలు శంకువు నాజిల్, కలుపు మందుకు బల్లపరుపుగా పడేది. రెండూ డబ్బాలో ఇస్తున్నారా చూసుకోండి.

పని అయ్యాక రెండు మూడు లీటర్ల నీళ్లతో మూడు సార్లు కడగాలి. అడుగున కొద్దిగా నీళ్లు ఎప్పుడూ మిగులుతాయి, అడుగు బిరడా ఉన్న మోడల్ అయితే పూర్తిగా దిగిపోతుంది. వరిలో 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపును పత్తికి వాడొద్దు, కడిగినా వాడొద్దు. చుక్క మిగిలినా పత్తి ఆకు బెండ ఆకులా చీలి ముడుచుకుంటుంది. కలుపు మందుకు పాత చేతి పంపును వేరుగా ఉంచి, రంగుతో పెద్ద గుర్తు వేయడం మేలు.

లెడ్ బ్యాటరీని ఖాళీగా మూలన పెడితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మరుసటి సీజనుకు చార్జింగ్ నిలవదు. వాడని నెలల్లో కూడా నెలకోసారి నిండా ఎక్కించాలి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువ, కానీ కిలోకు పైగా బరువు తగ్గిస్తుంది. చేతిలో డబ్బులుంటే రెండు మోటార్ల మోడల్‌కు కాదు, దీనికి పెట్టండి.

దుకాణంలోనే మామూలు నీళ్లు నిండా పోయించి, ఇంట్లో ఎవరు మోస్తారో వాళ్లే వేసుకుని నడవాలి, వంగాలి, ట్రిగ్గర్ వదిలి మోటారు ఆగుతుందో లేదో వినాలి. వీపు తడిస్తే తిరిగి ఇచ్చేయండి. నీళ్లు పోయనివ్వని దుకాణంలో కొనొద్దు. వాషర్లు, ఓ-రింగులు, నాజిళ్లు విడిగా దొరుకుతాయో లేదో అక్కడే అడగండి.

కొన్నాక, బండి సీటు కవర్లు కుట్టే దుకాణంలో రెక్సిన్ తొడిగిన వెడల్పు పట్టీలు, నడుము బెల్టు, ఛాతీ క్లిప్పు కుట్టించుకోవచ్చు. రెక్సిన్ మందు పీల్చదు, తుడిస్తే పోతుంది. భుజం పట్టీ నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి, నడుము బెల్టు అంతకంటే ఎక్కువ. కింది కొక్కేలు ప్లాస్టిక్‌వైతే ఇనుపవి వేయించండి, తెగేది ఎక్కువగా అక్కడే.