ఆరేళ్లుగా ఇంట్లోనే పిండి, ఇంట్లోనే కాఫీ పొడి

మా ఇంట్లో రెండు మరలున్నాయి. గోధుమలకు కరెంటుది, కాఫీ గింజలకు చేత్తో తిప్పేది. బెంగళూరు మారతహళ్లిలో కాపురం పెట్టిన ఏడాదే కొన్నాం, ఆరేళ్లు నిండాయి.

ముందు కాఫీ మర. నాకు అదంటే ప్రాణం. లోపల పళ్లున్న రెండు స్టీల్ భాగాలుంటాయి. అడుగున ఉన్న బిళ్ల తిప్పితే టిక్ టిక్‌మంటూ వాటి మధ్య సందు మారుతుంది. రెండు మూడు టిక్కులు ఎక్కువ బిగించానా, ఫిల్టర్ చిల్లులు పూడుకుపోయి గంటైనా డికాక్షన్ దిగదు. వదులు చేస్తే నీళ్లు గబగబా దిగిపోయి పల్చటి రంగునీళ్లే మిగులుతాయి. నాకు కుదిరిన పొడి, వేళ్లతో నలిపితే ఉప్మా రవ్వ కంటే సన్నం, గోధుమపిండి కంటే గరుకు. పొద్దున్నే 20 గ్రాములు తిప్పడానికి రెండు మూడు నిమిషాలు. చిక్కమగళూరు గింజలు ఇక్కడే దొరుకుతాయి. అత్తయ్య వైజాగ్ నుంచి వస్తూ అరకువి తెస్తారు. నల్లగా వేగిన గింజ పెటపెటా పగులుతుంది, లేతగా వేగినదైతే చెయ్యి నొప్పి పుడుతుంది. మిక్సీలో వేస్తే సగం పిండి, సగం పలుకులు. అందుకే మిక్సీ మానేశాను.

గోధుమ అలా పగలదు. అందులో తేమ ఉంటుంది, పైపొట్టు సాగుతుంది. మా పిండిమరలో రాయి లేదు, గిర్రున తిరిగే స్టీల్ రెక్కలు, వాటి చుట్టూ జల్లెడ. గోధుమ రబీ పంట కాబట్టి ఏప్రిల్ తర్వాత మధ్యప్రదేశ్ షర్బతీ రకం కొత్త గోధుమలు కొంటాను. మొదటి వానాకాలం కడిగిన గోధుమలు సరిగా ఆరకముందే పోశాను. జల్లెడకు ముద్ద పట్టేసి, మోటార్ వేడెక్కి ఆగిపోయింది. మెకానిక్ రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ విషయంలో మాత్రం కంపెనీ మీద ఇప్పటికీ కోపమే. ఇప్పుడు కొరికితే టక్కుమనే దాకా ఎండబెడతాను.

పిండి వారానికి సరిపడానే పట్టుకుంటాం. గింజలోని మొలక భాగంలో నూనె ఉంటుంది, పొట్టుతో సహా ఆడిన పిండి ఎక్కువ రోజులుంటే మక్కిన వాసన వస్తుంది. తాజా పిండితో చపాతీలు మర్నాటికీ మెత్తగా ఉంటాయి, పిల్లల డబ్బాల్లో అవే.

ఒక్క జాగ్రత్త. కాఫీని పిండిమరలో వేయకండి. మా ఆయన ఒకసారి గుప్పెడు వేశారు. ఆ జిడ్డూ వాసనా వదిలేసరికి మూడు వాయిల పిండి అయింది. పిండిమర చప్పుడు కూడా గట్టిగానే ఉంటుంది, మేం సాయంత్రం ఏడులోపే ఆడించేస్తాం. ఆరేళ్లలో ఒకసారి జల్లెడ మార్చాం, కాఫీ మరకు ఇంతవరకూ బ్రష్షు తప్ప ఖర్చు లేదు.