రైతుబజారా, వాకిట ముగ్గా: చిన్నపిల్లల లెక్కలకు ఏది మేలు?

"పలక తీస్తే పారిపోతోందక్కా, బయట తిప్పుతూ లెక్కలు నేర్పాలంటే ఏం చెయ్యాలి?" అని ఈ వేసవిలో నలుగురైదుగురు అడిగారు. మా అమ్మాయి ఒకటో తరగతి సెలవుల్లో రెండు దారులూ చూశాం. వారానికి రెండుసార్లు రైతుబజారు, రోజూ సాయంత్రం వాకిట్లో ముగ్గు.

బజారులో లెక్క ఎందుకో పిల్లకి చెప్పక్కర్లేదు. బోర్డు మీద వంకాయ కిలో 40 అని ఉంటే పావుకిలో ఎంత? సగంలో సగం. తోటకూర పదికి రెండు కట్టలైతే ముప్ఫైకి ఎన్ని? డబ్బు, తూకం మాత్రం అక్కడే బాగా వస్తాయి, ఇందులో ముగ్గు పోటీకే రాదు. కాకపోతే ఇప్పుడు చిల్లర చేతులు మారేది ఎక్కడ? పర్సు మరిచిపోయిన రోజు నేనే ఫోన్‌తో స్కాన్ చేసి వచ్చేశా. పైగా పిల్ల వేళ్లు మడిచేలోపే కూరగాయలామె "పదిహేను, పాపా" అనేస్తుంది.

నా మటుకు తేల్చేది ఇదే: తప్పు చేస్తే పిల్లకి ఎవరు చెప్తారు? బజారులో మనమే చెప్పాలి. ముగ్గులో ముగ్గే చెప్తుంది. 7 చుక్కలు, 1 వరకు ఎదురు చుక్క. మధ్యలో 7, పైనా కిందా 5, 3, 1. ఎక్కడైనా 4 పెడితే నాలుగు పక్కలా ఒకేలా రావాల్సింది ఒక పక్క కుంటుతుంది. మా పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, కాలితో చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. నేను నోరు విప్పలేదు.

తర్వాత రంగులతో ఆడాం. నడిమి చుక్క ఒకటి తెల్లగా, దాని చుట్టూ 4 ఎర్రగా, వాటి చుట్టూ 8 పసుపు, ఆపైన 12 ఆకుపచ్చ. మొత్తం 25. "9 చుక్కలకి పెంచితే చుట్టూ ఎన్ని చేరతాయి?" అంటే 16 అంది, వెయ్యకుండానే. నాలుగో ఎక్కం అది! సందు చుక్క, అంటే పై వరుస చుక్కల సందుల్లో పెట్టేది, 7 నుంచి 4 వరకు వేస్తే (మధ్యలో 7, పైనా కిందా 6, 5, 4) నడిమి చుక్క చుట్టూ 6, 12, 18 చేరి 37 అవుతాయి. ఆరో ఎక్కం. ఇన్నేళ్లు ముగ్గులేసీ ఇది నాకే తట్టలేదు.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2025లో నేచర్ పత్రికలో రాసింది చూశాక ఇంకాస్త ముగ్గు వైపే మొగ్గాను. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు బేరం లెక్కలు నోటితోనే చేసేస్తారు, బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడతారు. బడి పిల్లలేమో బజారు లెక్క దగ్గర తడబడతారు. ముగ్గుకి ఈ బాధ తక్కువని నా నమ్మకం, ఎందుకంటే వాకిట్లో వేసిందే రాత్రికి నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. బజారే కావాలంటే ఇంటికొచ్చాక ఆ లెక్క రాయించండి.

తొక్కుడుబిళ్ల అంకెల వరుసకి సరిపోతుంది, అంతే. వామనగుంటలు మంచివే, చింతగింజలు మింగే వయసు దాటాక. అపార్ట్‌మెంటులో వాకిలి లేదంటారా, మేడ మీదకి సుద్దముక్క పట్టుకెళ్లండి.

బజారు మేం మానలేదు. సంచి మోయడానికి ఒకరు కావాలిగా.