జీపు కట్టిస్తామంటే బయానా ఇచ్చే ముందు చాసిస్ కింద దూరి చూడండి (అనంతపురం)

పాత మహీంద్రా జీపు పట్టుకొచ్చి, కొత్త బాడీ ఎక్కించి, ఆర్సీతో సహా మీ పేరు మీద చేతికిస్తాం అని చెప్పిన ఒక షెడ్డుకు మేం డబ్బు కట్టి ఇరుక్కుపోయాం. వ్యవహారం ఫిర్యాదు దాకా వచ్చింది కాబట్టి షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. అనంతపురం, కర్నూలు, కడప ఏ వైపువాళ్లైనా సరే, ఇలాంటి జీపు కోసం బయానా ఇవ్వబోతుంటే, అందులోనూ ఫోన్‌లో వీడియో చూసి మోజుపడి ఉంటే, ముందు ఇది చదవండి.

నేనూ మా బామ్మర్దీ కలిసి తీసుకుందామనుకున్నాం. చీనీ తోటకు పైపులు, డ్రిప్పు సామాను వేసుకుని పోవాలి, కుదిరితే ఆదివారం గండికోట దాకా వెళ్లిరావాలి. మాకు కావలసింది మహీంద్రా వాళ్ల పాత పొట్టి జీపు ఎంఎం 540. ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్, 2112 సీసీ, నల్లగా పొగ కక్కుతూ ఎక్కడికైనా పోయే రకం. అసలు బండి మంచిది దొరకడం కష్టం, దొరికినా బాడీ తుప్పు. అందుకే పాత బండిని మూలంగా పెట్టుకుని కొత్త బాడీ కట్టించుకుంటారు. షెడ్డాయన ఆరున్నర లక్షలకు అన్నీ కలిపి మాట్లాడాడు: బండి, బాడీ, రంగు, టైర్లు, హుడ్డు, పేరు మార్పు. 540 ఆర్సీ జిరాక్స్ చూపించాడు. ఏపీ 02 నంబర్, రెన్యువల్ గడువు ఇంకా ఉంది. బండ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి చూస్తే వివరాలు సరిపోయాయి. రెండు లక్షలు ఇచ్చాం, తర్వాత ఇంకో లక్షన్నర.

బాడీ సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. పదహారు గేజ్ రేకు అన్నాడు. వచ్చింది ఇరవై గేజ్. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచన, ఇది తెలియక చాలామంది ఇరవై అంటే గట్టిది అనుకుంటారు. పదహారంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, ఇరవై అంటే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. మడ్‌గార్డు మీద బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టక్కున పైకి లేచేది. దానికి నేను ఇంత పోస్టు రాసేవాణ్ణి కాదు. రేకు మార్చుకోవచ్చు.

అసలు కథ చాసిస్‌ది, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప చట్రానిది. బండి అరవై దాటితే కింది నుంచి ఒకటే వణుకు. షాఫ్ట్ క్రాస్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు తిప్పుడు అందించే కడ్డీకి ఉండే కీలు) పోయుంటుందిలే అన్నాడు షెడ్డాయన, మార్చాడు, వణుకు తగ్గలేదు. గుత్తి రోడ్డులో మాకు తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు, జీపుల్లోనే తల నెరిసినాయన. బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, గుడ్డకు పెట్రోలు తడిపి చాసిస్ పట్టీని ముందు నుంచి వెనక్కి తుడుచుకుంటూ వచ్చాడు. నల్ల రంగు, దాని కింద బూడిదరంగు లప్పం, లప్పం కింద వెల్డింగు గాటు. నిలువుగా, తిన్నగా, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డపట్టీకి కాస్త వెనకాల. రెండో పక్క కూడా సరిగ్గా అదే చోట. లేచి చేతులు తుడుచుకుంటూ ఒకటే మాటన్నాడు: "ఇది ఒక బండి కాదప్పా, రెండు బండ్లు."

ముందు సగం 540ది. వెనక సగం కమాండర్‌ది. కమాండర్ కూడా మహీంద్రాదే, పొడుగు బండి. మన ఊళ్లలో టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని తిరిగింది అదే కాబట్టి, తుక్కు కింద దాని చాసిస్‌లు తేలిగ్గా దొరుకుతాయి. 540 వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం, 91 అంగుళాలు. అంటే కమాండర్ చాసిస్‌ను కోసి పొట్టి చేసి, నంబరున్న 540 ముక్కను ముందు అతికించి, షాఫ్ట్‌ను కూడా కోసి మళ్లీ అతికించారు. ఆ షాఫ్ట్‌ను బ్యాలెన్స్ చేయలేదు. వణుకు అక్కడిది. అతుకు దగ్గర లోపలి నుంచి దన్నుగా ప్లేటు కూడా వేయలేదు, ఉత్త వెల్డింగు. గుంతలో దిగిన ప్రతిసారీ బరువంతా ఆ గీత మీదే పడుతుంది. తోటదారిలో విరిగితే దిగి నడుచుకుంటూ వస్తాం. హైవే మీద విరిగితే?

ఎందుకిలా చేస్తారంటే లెక్క సులభమే. ఆర్సీ బతికున్న 540కి రేటెక్కువ, కానీ దాని చాసిస్ తుప్పుపట్టి ఉంటుంది. కమాండర్‌కు ఇనుము గట్టిగా ఉంటుంది, కానీ కాగితాలు చచ్చి ఉంటాయి. మాక్సీ క్యాబ్‌గా తిరిగిన బండైతే మూడు నెలలకోసారి కట్టాల్సిన ట్యాక్సులు కట్టక బాకీ కొండలా పేరుకుని ఉంటుంది. ఒకదాని కాగితం, ఇంకొకదాని ఇనుము కలిపితే అమ్మకానికి ఒక బండి తయారు. అడిగితే షెడ్డాయన నాకే ఎదురు ప్రశ్న వేశాడు: "నంబర్ కలిసింది కదన్నా, ఇంకేం కావాల నీకు?"

నంబర్ కలిసింది, నిజమే. ఆర్సీలో ఉన్నదే చాసిస్ మీద ఉంది, చెరిపి మార్చడానికి గ్రైండర్ కూడా పెట్టలేదు. అందుకే ఆన్‌లైన్‌లో చూసినా, నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింట్ తీసినా దొరకలేదు. నంబర్ చూస్తే చాలదు, ఆ నంబరున్న ఇనుము ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా ఒకటే పట్టీగా ఉందా అని చూడాలి. పేరు మార్పుకు పోకముందే, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు చూపించాం. ఇలాంటి బండిని ఎవరైనా సరిగ్గా తనిఖీ చేస్తే పేరు మార్పు సంగతి దేవుడెరుగు, ఉన్న రిజిస్ట్రేషన్ కూడా పోతుందన్నాడు.

చట్టం సంగతి తెలియక "అందరూ తోలుతున్నారు కదా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, మా బామ్మర్ది కూడా అందులో ఒకడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ చేర్చారు. యజమానికైతే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డీలరుకైతే బండికి లక్ష జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. బాడీలు కట్టేవాళ్లు, రిపేర్లు చేసేవాళ్లు కూడా ఈ చట్టంలో డీలరు లెక్కలోకే వస్తారు. షెడ్డాయనతో మాట్లాడేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, గొంతు తగ్గుతుంది. రంగు మార్పు, అదే రకం ఇంజన్ మార్పు లాంటివి ముందే అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకునే దారి ఉంది. చాసిస్ కోసి అతికించడానికి లేదు.

యూట్యూబ్‌లో బ్రిటన్ వీడియోలు చూసి, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచో మాజ్డా ఎంఎక్స్-5 నుంచో సామాను తీసి ఇంటి గ్యారేజీలో కారు కట్టుకుంటున్నారు కదా, మనకెందుకు కుదరదు అని అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ అలా కట్టిన ఒక్కొక్క బండినీ పరీక్షించడానికి ఐవీఏ అని ఒక పద్ధతి 2009 నుంచి ఉంది. ఏ బండి సామానో తేల్చలేకపోతే క్యూ అక్షరంతో వేరే నంబర్ ఇస్తారు. మన దగ్గర కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 126 కింద మోడల్‌కు ఆమోదం తీసుకోవాలి, పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించాలి. అది కంపెనీలు చేసే పని, ఒక్క జీపు కట్టించుకునే మన పని కాదు. మోజు నాకూ ఉంది, లేదని కాదు. కానీ రోడ్డెక్కాలంటే ఇక్కడ మిగిలిన దారి ఒక్కటే: అసలు బండి అసలు బండిలాగే ఉండాలి, పోయిన భాగాలు అదే రకంవి వేయాలి.

మీరు చూడబోయే బండి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, పెట్రోలు తడిపిన గుడ్డ, టార్చి పట్టుకెళ్లండి. గీతలు పడకుండా అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టండి. లప్పం ఉన్నచోట అది పట్టుకోదు, జారిపోతుంది. చాసిస్ పట్టీకి బయటి వైపు ఎంతైనా నునుపు చేస్తారు, లోపలి వైపు మాత్రం బద్ధకిస్తారు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమితే వెల్డింగు గరుకు వేళ్లకు తగులుతుంది. ఆర్సీలో వీల్‌బేస్ రాసి ఉంటే టేపు పెట్టి రెండు వైపులా కొలవండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు కుడివైపు ఒక కొలత, ఎడమవైపు ఇంకో కొలత వస్తే ఇక ఏమీ అడగనక్కర్లేదు. మా బండికి అర అంగుళం పైగా తేడా వచ్చింది. నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ల వాహన్ సమన్వయ్‌లో దొంగబండి అవునో కాదో కూడా చూసుకోవచ్చు. చాసిస్‌లో రెండో సగం ఎవరి కమాండర్‌దో తెలియనప్పుడు మాకు నిద్రపట్టనిది ఆ భయంతోనే.

ఇన్సూరెన్స్ చేయిస్తాంలే అంటారు. థర్డ్ పార్టీ పాలసీ కాగితం ఎవరికైనా వస్తుంది. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి అతుకు చూస్తే మన బండి క్లెయిమ్ గల్లంతే. "డిపార్ట్‌మెంట్ వేలంలో తెచ్చిన జీపు" అని చెప్పినా ఆగండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ కొనసాగదు, అవి తుక్కుకే పోవాలి. రెన్యువల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. 15 ఏళ్లు దాటిన కారు, జీపు తరగతికి 600 ఉన్న ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు, ఐదేళ్లకోసారి తనిఖీకి బండిని తీసుకెళ్లాల్సిందే. అతుకుల బండికి ప్రతి తనిఖీ ఒక గండం.

రసీదుల దగ్గర ఇంకో మెలిక ఉంది. మాకిచ్చిన తెల్లకాగితం మీద "బాడీ పని నిమిత్తం" అని రాశాడు, జీపు అమ్మినట్టు ఎక్కడా లేదు. రెండో విడత డబ్బు ఫోన్‌పేలో వాళ్ల బంధువు నంబరుకు వేయమన్నాడు. ఇప్పుడు బండి నేను అమ్మలేదు, మీరు తెచ్చిన బండికే బాడీ కట్టాను అంటున్నాడు. మమ్మల్ని కాపాడుతున్నది వాట్సాప్ వాయిస్ మెసేజులే. "540 ఆర్సీ బండి మొత్తం మీకే ఇస్తున్నా" అని ఆయన గొంతుతోనే ఉంది.

డబ్బు తిరిగి ఇవ్వమని లాయరు నోటీసు పంపాం, జవాబు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. ముందుగా మాట్లాడాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. బండి మాత్రం షెడ్డుకు తిరిగి ఇవ్వలేదు, ఇంటి దగ్గరే నిలబెట్టాం. ఇచ్చేస్తే ఆ అతుకును ఇంకొకరికి అంటగడతాడు, మా దగ్గరున్న సాక్ష్యం కూడా పోతుంది. మీ కేసులో కూడా మీ లాయరును అడక్కుండా బండిని వెనక్కి పంపకండి.

ఇప్పటికే ఎక్కడైనా బయానా కట్టి, బండి ఇంకా షెడ్డులోనే ఉన్నవాళ్లు రేపే వెళ్లండి. బాడీ ఎక్కించక ముందు, రంగు కొట్టక ముందు ఉత్త చాసిస్‌ను చూపించమనండి, ఆ నాలుగు పక్కలా మీరే ఫొటోలు తీసుకోండి. రంగు అయ్యాక రండి అంటే మిగతా డబ్బు ఆపేయండి.