ఉగాదికి మందార మొక్కలు కొన్నోళ్ళు జాగ్రత్త: పురుగు మొక్కల్ని కడిగి అమ్ముతున్నరు

హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు మందార మొక్కలు కొనేటోళ్ళంతా ఇది చదువుండ్రి. నిన్న మాపటికి మా అత్తమ్మ ముద్ద మందారాన్ని మోకాలెత్తుకు కొట్టేసినం. కోపం ఇంకా దిగలే. నాలుగు మొక్కలు, ఒక్కోటి 350 రూపాయలు, ఆ పైసలు పోతే పోనీ. నర్సరీ ఓనరు పురుగు ఉన్నదని తెలిసి, దాన్ని కడిగి, ముందు వరుసల పెట్టి అమ్మిండు. నా కండ్లతోని చూసిన కాబట్టే రాస్తున్న.

నర్సరీ పేరు రాయను. పచ్చ షేడ్ నెట్టు, ఆదివారం వచ్చిందంటే బయట కార్లు బండ్లు నిలబడి ఉంటయి. ఎక్కడ కొన్నరో కొన్నోళ్ళకు తెలుసు, వాళ్ళు అర్థం చేసుకుంటరు.

ఉగాది ముందట పోయిన. పసుపుది, నారింజది, తెల్లదాంట్ల ఎర్ర కన్ను ఉన్నది, ఇట్ల అరచెయ్యంత పువ్వులున్న అంటు మందారాలు. కడియం నుంచి లోడు దిగిందని చెప్పిండు. ఒక మొక్కకు మొగ్గ తొడిమె దగ్గర తెల్లగ దూది పింజె లెక్క కనపడ్డది. "ఏందన్నా ఇది తెల్లగ?" అని అడిగిన. "మందు కొట్టినమమ్మా, దాని మరక, నీళ్ళు పోస్తే పోతది" అన్నడు. అని ఊకోలే, బొటనవేలుతోని రుద్ది, ఆ వేలు తన అంగీకే తుడుచుకున్నడు. పొద్దున లేస్తే మొక్కల నడుమ తిరిగే మనిషి, మందు మరక ఏదో, పిండినల్లి అనే ఈ తెల్ల పురుగు ఏదో తెలువకుంటనే రుద్దిండా? మోసమన్నది ఆ బొటనవేలు దగ్గరనే జరిగింది. "పురుగు పట్టిందమ్మా, ఇది పక్కకు పెడుత, ఇంకోటి తీసుకో" అంటే అయిపోవు. ఆ ఒక్క మాట అనలే.

పిండినల్లి ఎంత పాడుదో చూసినోళ్ళకే తెలుస్తది. రసం పీల్చే పురుగు. లేత చిగురు మీద, మొగ్గ తొడిమె దగ్గర, ఆకు అడుగున, కొమ్మలు కలిసే సందుల దాచుకుంటది. ఒంటి మీద మైనం పొర ఉంటది కాబట్టి కొట్టిన మందు లోపలికి దిగదు. ఒక్క తల్లి పురుగు వందల పిల్లల్ని పెడుతది. పుట్టిన పిల్లలు కంటికి ఆనవు, గాలికి కొట్టుకపోతయి, మన చేతులకు, చీరె కొంగుకు, కత్తెరకు అంటుకొని పక్క కుండీకి పోతయి. వాటి ఒంట్లకెళ్ళి కారే తియ్యటి జిగురు కోసం చీమలు వస్తయి, వచ్చి వాటిని కాపాడుతయి, పక్క చెట్టుకు మోసుకపోతయి. ఆ జిగురు మీద నల్లటి మసి తెగులు లేస్తది. చిగురు ముడుచుకుంటది, మొగ్గ విచ్చకుంటనే పసుపుపచ్చగయి రాలుతది. ఎండాకాలం దానికి పండుగ. మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండలకు, వాన చుక్క లేని రోజులకు అది పెరిగినట్టు ఇంకో కాలంల పెరుగదు. ఉగాది ముందట ఆ మొక్కను ఇంటికి పంపుడంటే ముందున్న ఎండలన్నిటికి దాన్ని అప్పజెప్పినట్టే.

ఇంక మా ఇంట్ల అయింది చెప్త. అత్తమ్మ ముద్ద మందారం ఈ ఇల్లు కట్టినప్పటిది. పరకాల నుంచి, వాళ్ళ అవ్వగారింటికాడి నుంచి కొమ్మ తెచ్చి నాటిందట. దానికి ఎన్నడు మందు కొట్టలే. పశువుల ఎరువు, కూరగాయల తొక్కులు, బియ్యం కడిగిన నీళ్ళు, అంతే. పొద్దుగాల తెంపి భద్రకాళమ్మకు తీసుకపోయేది, మిగిలినయి ఇంట్ల దేవుని కాడ పెట్టేది. ఆకులు రుబ్బి నాకు, నా బిడ్డకు తలకు పెట్టేది. కొత్త కుండీల్ని ఆ చెట్టుకు తూర్పు పక్క, పొద్దుటెండ పడి మధ్యాహ్నం నీడొచ్చే తావుల పెట్టినం. అంటు మందారానికి మన ఎండలకు ఆ తావే కావాలె, మిట్ట మధ్యాహ్నం ఎండ పడితే మొగ్గలు నిలువయి.

ముందు కొత్త మొక్కల మొగ్గలు రాలినయి. తర్వాత ముద్ద మందారం తూర్పు పక్క కొమ్మలకు చిగుర్లు ముడుచుకున్నయి. చీమల బారు గోడ మీదికెళ్ళి కుండీల్లకు, కుండీల్లకెళ్ళి చెట్టుకు. ఆ తర్వాత మిద్దె మీది బెండ చెట్లకు, పుంటికూరకు. నర్సంపేట దిక్కు పత్తి వేసే మా తమ్ముడు వచ్చి చూసి, "అక్కా, ఇది మా చేన్ల చూసిన్నే, పత్తికి గిట్లనే పడుతది" అన్నడు. పత్తి, బెండ, పుంటికూర, మందారం అన్నీ ఒక్క కుటుంబం మొక్కలే. ఒకదానికి పట్టింది ఇంకోదాన్ని విడిచిపెట్టదు. కుండీ తిరగేసి చూస్తే అడుగున్న నీళ్ళు పోయే బొక్కకాడ, వేర్లల్ల కూడ తెల్లగ ఉన్నయి. నేను తెచ్చినంక పట్టింది కాదది, ఆ కవర్లనే పుట్టి పెరిగింది.

చెయ్యాల్సిందంత చేసినం. పైపుతోని జోరుగ నీళ్ళు కొట్టినం. లీటరు నీళ్ళకు 5 మిల్లీ లీటర్ల వేపనూనె, కలువనీకి కొంచెం సబ్బు నీళ్ళు వేసి పొద్దు గూకినంక కొట్టినం. సర్జికల్ స్పిరిట్ల పుల్లకు దూది చుట్టి ముంచి, ముద్ద ముద్దకు అంటించి తుడిచినం. అత్తమ్మ 70 దాటిన మనిషి, కుర్చీ ఏసుకొని కింది కొమ్మలకు ఒక్కొక్క ఆకు తిప్పి తుడిచింది. చిన్న కుండీలకైతే ఆగేదేమో, ఇంటి కప్పు దాటిన చెట్టుకు పై కొమ్మలకు చెయ్యి అందదు. తుడిచినకాడ పోతది, పైకెళ్ళి మళ్ళ దిగుతది.

అప్పుడు పోయిన నర్సరీకి. గొడవకు పోలే. ఈ పురుగు ఎక్కడికెళ్ళి వచ్చింది, మీ దగ్గర ఇంకా ఎన్ని మొక్కలకు ఉన్నది, మిగిలినోళ్ళకు చెప్పుండ్రి అని చెప్దామని పోయిన. షెడ్డు వెనుక పక్క ఒక పోరడు పైపు మూతికి వేలు అడ్డం పెట్టి మందార మొక్కల మీద నీళ్ళు కొడుతున్నడు. ఆకుల అడుగుకెళ్ళి, కొమ్మల సందులకెళ్ళి. తెల్లటి ముద్దలు కారి నేల మీద పడుతున్నయి. ఓనరు గల్లా కాడ కూసొని కేకేసిండు: "ఆ ఎల్లోవి మంచిగ కడిగి ముందల వరుసల పెట్టురా, ఆదివారానికి పోవాలె."

నాకు కాళ్ళల్ల సత్తువ పోయింది. నీళ్ళు కొట్టుడు తప్పని అంటలే, మేము కూడ కొట్టినం. కొట్టి, ఆ మొక్కల్ని దూరంగ పెట్టి, మందు కొట్టి, చిగురు మంచిగ వచ్చినంక అమ్మాలె. తడి ఆరకముందే అమ్మకానికి పెడితే లోపల దాచుకున్నయి కొన్నోళ్ళ ఇంటికి పోయి బయటికి వస్తయి. అది ఆయనకు తెలుసు. తెలిసే కడిగిస్తున్నడు.

ఫోన్ల ఫొటోలు చూపెట్టిన. చూడనన్న చూడలే. "నీ ఇంట్ల పాత చెట్టుకే ఉంటది పురుగు, దాని నుంచే నా మొక్కలకు ఎక్కింది" అన్నడు. ఎన్నో ఏండ్ల నుంచి పువ్వులిచ్చిన చెట్టు మీద నింద! వేర్లల్ల ఉన్న పురుగు సంగతేందని అడిగితే, "మొక్క ఏమన్న ఫ్రిజ్జా గ్యారంటీ ఇయ్యనీకి? ఆడోళ్ళు నీళ్ళు ఎక్కువ పోస్తరు, సంపుకొని వచ్చి మా మీద పడుతరు" అని అందరి ముందు నవ్విండు. పక్కన ఒక పెద్దమ్మ చేతుల పసుపు మందారం పట్టుకొని ఉండె. ఆమె ఆకు తిప్పి చూసింది, కొమ్మ సందుల కనపడ్డది, కింద పెట్టి పోయింది. ఇగ ఆయన కుర్చీల నుంచి లేచి "నా గిరాకి చెడగొడుతవా" అని మీదికి వచ్చిండు. పోతుంటే వెనుకకెళ్ళి "మోనో కొట్టుపో, సస్తది" అని అరిచిండు.

మోనోక్రోటోఫాస్! కూరగాయల మీద వాడొద్దని ఎన్నడో నిషేధించిన మందు. మిద్దె మీద మేము తినే బెండకాయ, పుంటికూర ఉన్నయని చెప్పినంకనే ఆ మాట అన్నడు. ఇంట్ల పిల్లలున్నరని కూడ విన్నడు. పైగ ఆ మందుకు ముందు సచ్చేది పిండినల్లిని తినే పురుగులే. 2008ల కోయంబత్తూరు దిక్కు బొప్పాయి పిండినల్లి వచ్చినప్పుడు, మందారాన్ని కూడ పట్టుకునే పురుగే అది, మందులతోని ఆగలే. 2010ల దాన్నే ఎతికి తినే చిన్న పరాన్నజీవిని బయటి దేశం నుంచి తెచ్చి వదిలినంకనే తగ్గింది. ఆస్ట్రేలియా నుంచి 1898ల మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఉన్నది, దాని పిల్ల కూడ తెల్లగ పిండినల్లి తీరుగనే కనపడుతది, కాకుంటే పెద్దగ ఉంటది, చురుకుగ తిరుగుతది. అది కనపడితే మాత్రం సంపకుండ్రి, అది మన పక్కది.

నిన్న చెట్టు కొట్టేటప్పుడు అత్తమ్మ బయటికి రాలే. మొదలు పచ్చిగనే ఉన్నది. మందారం కొత్త చిగురు మీదనే పూస్తది కాబట్టి వానలు పడితే మళ్ళ రావచ్చని తమ్ముడు అన్నడు. ఈ ఏడాది పువ్వు మాత్రం పోయింది.

బిల్లు అడిగితే "మొక్కలకు బిల్లేంది" అన్నడు, ఫోన్‌పే చేసిన రశీదు మాత్రం ఉన్నది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్న. మీరు ఎక్కడ కొన్నా బిల్లు అడుగుండ్రి, ఇయ్యకుంటే ఫోన్‌లనే పైసలు కట్టుండ్రి. కడియం రైతుల్ని అనకుండ్రి, దిగిన మొక్కను ఇక్కడ ఎట్ల పెట్టిన్రన్నదే అసలు సంగతి.

కొనేముందు ఆకు అడుగు, మొగ్గ తొడిమె, కొమ్మ సందు, కవరు అడుగు బొక్క చూడుండ్రి. కుండీల చీమలు తిరుగుతున్నయంటే ముట్టకుండ్రి. తెచ్చిన కొత్త మొక్కను రెండు మూడు వారాలు మిగిలినవాటికి దూరంగ, పత్తి జాతి మొక్కలకైతే ఇంకా దూరంగ పెట్టుండ్రి. ఉగాది నుంచి అంటు మందారాలు కొన్నోళ్ళు రేపటి దాక ఆగకుండ్రి, ఇప్పుడే టార్చి పట్టుకొని చూడుండ్రి. కనపడితే ఆ కొమ్మల్ని కోసి, కవర్ల గట్టిగ మూతి కట్టి పారేయుండ్రి. ఎరువు గుంతల వేస్తే అక్కడికెళ్ళి మళ్ళ ఎక్కుతది.