వైద్య ఖర్చులకు క్రెడిట్ కార్డు: కొన్నేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పనిసరి అయిన తరువాత మా నాన్నగారు నెల్లూరులోని ఇల్లు విడిచి చెన్నైలో మా దగ్గరే ఉంటున్నారు. అప్పటి నుంచి ఆసుపత్రి ఖర్చుల్లో పెద్ద భాగం నా క్రెడిట్ కార్డుల మీదుగానే నడుస్తోంది. ఇన్నేళ్లలో నాకు బాగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. వైద్యం కోసం కార్డు తీసుకునేవారు ముందుగా చూడవలసినవి బిల్లింగ్ తేదీ (నెలవారీ స్టేట్‌మెంట్ తయారయ్యే రోజు), లిమిట్, ఈఎంఐ షరతులు. పాయింట్లు, లాంజ్ సౌకర్యాలు ఆ తరువాతి మాట.

మా ఆఫీసు గ్రూపు పాలసీలో తల్లిదండ్రులకు కవరేజీ ఉంది. అయినా రక్తం పెరగడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, పరీక్షలు, మందులు వంటివాటికి ముందు మనం చెల్లించి, తరువాత బిల్లులు పెట్టి తిరిగి రాబట్టుకోవాలి. చెల్లించిన రోజుకూ డబ్బు ఖాతాలో పడే రోజుకూ మధ్య ఉన్న ఆ వ్యవధిని వడ్డీ లేకుండా దాటించడమే కార్డు చేసే అసలైన మేలు. సాధారణంగా 45 నుంచి 50 రోజుల వరకు వడ్డీ లేని గడువు ఉంటుందని చెబుతారు గానీ, స్టేట్‌మెంట్ వచ్చిన మర్నాడు కార్డుతో కట్టిన ఆసుపత్రి బిల్లుకే అంత గడువు దొరుకుతుంది. స్టేట్‌మెంట్‌కు ముందు రోజు కట్టిన బిల్లుకు ఇరవై రోజులు కూడా మిగలకపోవచ్చు. అందుకే నెల మొదటి వారంలో స్టేట్‌మెంట్ వచ్చే కార్డు ఒకటి, మూడో వారంలో వచ్చేది మరొకటి ఉంచుకున్నాను. బిల్లింగ్ తేదీని కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కనుక, ఉన్న కార్డుతోనే ఈ ఏర్పాటు కుదిరింది. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయించినప్పుడు, తేదీ ముందే తెలుసు కాబట్టి, ఏ కార్డు మీద వేయాలో ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లాము.

గడువులోగా మొత్తం కట్టలేని పరిస్థితి వస్తే మాత్రం కార్డు చాలా ఖరీదైన అప్పు. బ్యాంకులు సాధారణంగా నెలకు 3 నుంచి 3.75 శాతం వరకు వడ్డీ వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. లక్ష రూపాయల బాకీ మీద నెలకు 3.5 శాతం చొప్పున 3,500 రూపాయల వడ్డీ, 630 రూపాయల పన్ను పడతాయి. కనీస మొత్తంగా 5,000 కట్టినవారికి అందులో 870 రూపాయలే అసలుకు చేరుతుంది. పైగా బాకీ మిగిలితే వడ్డీని ఆసుపత్రిలో కార్డు గీసిన రోజు నుంచే లెక్కిస్తారు. వినియోగదారుల కమిషన్ 2008లో ఏడాదికి 30 శాతం మించకూడదని చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి, ఆ వైపు నుంచి రక్షణ కూడా లేదు.

అందువల్ల పెద్ద బిల్లు వచ్చినప్పుడు, స్టేట్‌మెంట్ రాకముందే దాన్ని ఈఎంఐగా మార్చుకోవడం మేలు. లక్ష రూపాయలను ఏడాదికి 16 శాతం వడ్డీతో పన్నెండు వాయిదాలుగా కడితే సుమారు 8,900 రూపాయల వడ్డీ, దాని మీద సుమారు 1,600 రూపాయల జీఎస్టీ, ఇవి కాక ప్రాసెసింగ్ రుసుము అవుతాయి. ఇంట్లో బంగారం ఉన్నవారికి బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చే అప్పు ఇంతకంటే చౌకగా దొరుకుతుందని చెప్పడం నా బాధ్యత అనుకుంటాను. మేము ఒకసారి అదే చేశాము.

ఈఎంఐ విషయంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతిని కాస్త వివరంగా చెప్పాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు అడ్వాన్సు అడుగుతారు. ఒకే చికిత్సకు రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు గనుక కార్డే గీయవలసి వస్తుంది. తరువాత క్యాష్‌లెస్ అనుమతి (బిల్లును బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి చెల్లించే ఏర్పాటు) వస్తే ఆ అడ్వాన్సు తిరిగి అదే కార్డుకు జమ అవుతుంది. మాకు అలా జమైన తరువాత కూడా, అప్పటికే ఈఎంఐగా మార్చిన ఆ మొత్తానికి బ్యాంకు వాయిదాలు వసూలు చేస్తూనే వచ్చింది. రీఫండ్ వచ్చినంత మాత్రాన ఈఎంఐ దానంతటదే రద్దు కాదని, విడిగా కోరాలని, ముందుగా మూసినందుకు రుసుము ఉంటుందని కస్టమర్ కేర్‌వారు చెప్పారు. ఈ నియమం చాలా బ్యాంకుల్లో ఇలాగే ఉంది. కాబట్టి బీమా అనుమతి తేలేవరకు అడ్వాన్సును ఈఎంఐ చేయవద్దు. తుది బిల్లులో మన వాటా ఎంతో తెలిసిన తరువాత దాన్ని మాత్రమే మార్చుకోండి. డిశ్చార్జి అనుమతిపై బీమా సంస్థ మూడు గంటల్లో తేల్చాలని 2024లో నియంత్రణ సంస్థ ఆదేశించింది కనుక ఎదురుచూడటం పెద్ద కష్టం కాదు.

మన కార్డు ఖాతా మీదే కుటుంబ సభ్యులకు ఇచ్చే యాడ్-ఆన్ కార్డును చాలామంది పట్టించుకోరు గానీ, నా దృష్టిలో వైద్య అవసరాలకు ఇది ముఖ్యమైనది. ఒక మధ్యాహ్నం నాన్నగారికి ఆయాసం ఎక్కువై అమ్మ ఆయన్ని ఆసుపత్రికి తీసుకువెళ్లే సమయానికి నేను శ్రీపెరంబుదూరులో డ్యూటీలో ఉన్నాను. కౌంటరు దగ్గర నుంచి అమ్మ ఫోను చేసి, "అబ్బాయ్, మిషన్‌లో కార్డు పెట్టారు, ఏదో నంబరు కొట్టమంటున్నారు" అంది. పిన్ నాలుగంకెలనూ ఆమె పర్సులో చీటీ మీద రాసి ఉంచకుండా ముందే కంఠతా పట్టించాను కాబట్టి, నేను గుర్తు చేయగానే తానే నొక్కింది; నేను చేరేసరికి నాన్నగారికి ఆక్సిజన్ పెట్టి ఉన్నారు. యాడ్-ఆన్ కార్డు మన లిమిట్‌నే పంచుకుంటుందని, దాని బాకీకి మనదే పూచీ అని గుర్తుంచుకోవాలి.

ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే హెల్త్ ఈఎంఐ కార్డును కూడా కొంతకాలం వాడాను. ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే అది చెల్లుతుంది, వాడిన ప్రతిసారీ అది ఒక అప్పుగా నమోదవుతుంది. పంటి చికిత్స, కంటి శుక్లాల ఆపరేషన్ వంటి ముందే అనుకున్న వాటికి పనికి వచ్చింది గానీ అత్యవసరానికి దాన్ని నమ్ముకోలేము. వడ్డీ లేని వాయిదాలు అంటే ఆ వడ్డీని ఆసుపత్రి భరిస్తున్నట్టు లెక్క. అందుచేత ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని ముందు అడగడం మంచిది.

వీధి చివరి మెడికల్ షాపుల్లో కార్డు గీస్తే రెండు శాతం అదనంగా అడిగేవారు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం మొదలుపెట్టాక ఆ బెడద తీరింది. ఇప్పుడు ఆ రూపే కార్డు, ఎక్కువ లిమిట్ ఉన్న మరో బ్యాంకు కార్డు మాత్రమే నా దగ్గర ఉన్నాయి. వార్షిక రుసుము ఎక్కువగా ఉన్న మూడోదాన్ని బాకీ తీర్చి మూసివేయమని కోరాను. అలా కోరిన ఏడు పనిదినాల్లో మూసివేయకపోతే రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలన్న నిబంధనను నా ఈమెయిల్‌లోనే ప్రస్తావించాను. గడువులోపే మూసివేశారు.